వేణువాదనమున సాహిత్యస్థానము: తంజావూరు విశ్వనాథన్ గారి గురుచరితము

వాద్యములు తతము, అవనద్ధము, ఘనము, సుషిరము నని చతుర్విధములని భరతమతము. తీఁగలు గలది తతము. తోలుమూఁత గలది యవనద్ధము. లోహపుఁ దాళములు ఘనము. రంధ్రమార్గమున గాలి ప్రసరింపఁగా మ్రోయునది సుషిరము. నాట్యశాస్త్రమున సుషిరమునకు వేఱుగా నొక యధ్యాయమే కలదు. అందు వంశవాదకునకు విధింపఁబడిన ధర్మ మొక్కటి విశేషముగా గమనింపఁదగినది. వంశము గాయకుని కంఠమును వెన్నంటి పోవలయు ననునదియే యా ధర్మము.

ఈ విధిని స్వరమాత్రమునకుఁ జెప్పినదిగాఁ గొన్నచో విషయము సులభము. కాని కంఠమునందు స్వరముతోఁ గూడ నక్షరమును గలదు గదా. వంశ మా యక్షరము నెట్లు వెన్నంటును? నోటఁ బలుకు లేని వాద్యమునకు సాహిత్యముతోడి సంబంధ మెట్టిది? అది యుండి తీరవలయునా, లేకున్నను గొఱఁత లేదా? ఈ ప్రశ్నమునకు శాస్త్రవాదములచేఁ గాక, తన వాదనముచేతను బోధనముచేతను సమాధానము చెప్పిన వేణుగురువులలోఁ దంజావూరు విశ్వనాథన్ గారు (1927–2002) ముఖ్యులు. ఆయన చరిత్రము తెలుఁగు పండితులకుఁ బ్రత్యేకముగాఁ దెలియఁదగినది. ఏలయన, ఆయన గృహమునఁ దరతరములుగా నిధివలెఁ గాపాడఁబడిన పాటలలోఁ బ్రధానములు తెలుఁగు పదములు.

వెదురును పాటయు

వేణువునకు మూలము వెదురు. గోదావరీతీరమున భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమునఁ బర్ణశాల యున్నది. సీతారాములు వనవాసకాలమున నచ్చట వసించిరని స్థలపురాణము. ఆ చుట్టుపట్ల యడవులలో వెదురునకుఁ గొదవ లేదు. అయినను దక్కను పీఠభూమి యడవులలో విస్తారముగాఁ బెరుఁగు గట్టి వెదురు లోపల దళసరిగా నుండును. కొన్నియెడల బొత్తిగా గుల్లయే యుండదు. అది చేతికఱ్ఱలకును, దడులకును, బుట్టలకును మేలైనది. కచ్చేరీ వేణువునకుఁ గావలసినది వేఱు. పలుచని గోడయు, నిడుపైన కనుపును, సమమైన గుల్లయు నుండవలయును. అట్టి వెదురులో నోటిరంధ్ర మొకటియు, వ్రేళ్ల కొఱకు సాధారణముగా నెనిమిది రంధ్రములును దక్షిణాదివారు తొలుతురు. వేణువు పొడవును బట్టి శ్రుతి యేర్పడును గావున, వాదకుఁడు శ్రుతిభేదములకుఁ దగినట్లు పెక్కు వేణువులను వెంట నుంచుకొనును.

ఈ ప్రాంతము సంగీతమునకు వెదురుకంటె మిన్నగా నిచ్చినది పాట. నేలకొండపల్లివాఁడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి భద్రగిరిపై రామాలయము కట్టించి, ప్రభుత్వధనమును వెచ్చించిన నేరమునకు గోలకొండ కారాగృహమున నుంచఁబడి, కీర్తనలు రచించెను. అప్పటి ప్రభువు అబుల్ హసన్ తానీషా (పాలనము 1672–1687). ఆ రామదాసు పేరు కావేరీతీరమునకుఁ జేరిన విధమును త్యాగరాజస్వామి (1767–1847) కృతులే తెలుపును. ఆయన రామదాసును నారద ప్రహ్లాదాదుల సరసనఁ బేర్కొనెను.

ఇంచుమించుగా నాకాలముననే, గోలకొండ నుండియే మఱియొక గానధార దక్షిణమునకుఁ బాఱినది. కృష్ణామండలమునందలి మొవ్వ గ్రామపు వేణుగోపాలునకుఁ దన పదముల నంకితము చేసిన క్షేత్రయ్య, తిరుమల నాయకుని యాస్థానమునను, తంజావూరు విజయరాఘవ నాయకుని యాస్థానమునను, గోలకొండ పాదుషా కొలువునను బదములు చెప్పినట్లు తన పదముననే చెప్పుకొన్నాఁడు. రామదాసు కీర్తనములు భజనగోష్ఠులలో వ్యాపించినవి. క్షేత్రయ్య పదములు రాజాస్థానములందలి నర్తకీమణుల కంఠముల నాశ్రయించినవి. 1673లోఁ దంజావూరి నాయకరాజ్య మంతరించి, కొలఁది యేండ్లకు మహారాష్ట్రుల ప్రభుత్వము వచ్చినను, ఆస్థానమునఁ దెలుఁగు పాట యంతరింపలేదు. మువ్వగోపాలుఁడు స్వయముగా వేణుధరుఁడు. ఆయనపైఁ జెప్పిన పదములు మూఁడు వందల యేండ్లకుఁ బిమ్మట నొక వేణువాదకుని ప్రధానవిద్య యగుట ముచ్చటైన సంగతియే.

ధనమ్మాళ్ గృహపరంపర

విశ్వనాథన్ గారి మాతామహి వీణా ధనమ్మాళ్ (1867–1938). ఆమె పూర్వులు తంజావూరి యాస్థానముతో సంబంధము గల నర్తకీ గాయికలు. చెన్నపట్టణపు జార్జిటౌనులో నామె యింట శుక్రవారపు సాయంసమయములందు జరిగిన వీణాగోష్ఠులు విద్వాంసులలోఁ బ్రసిద్ధికెక్కినవి. ఆ వీణకుఁ గీర్తి తెచ్చిన గుణములు ముఖ్యముగా రెండు: విలంబకాలపు నిబ్బరము, సాహిత్యముతోఁ బెనవేసికొన్న గమకము. ఆమె వీణ వాయించుచునే తానును సన్నగాఁ బాడెడిది. పదములను బాలదాసు నాయుడు గారివలన నభ్యసించినట్లు ప్రతీతి.

ఆమె సంతతి యంతయు సంగీతమునకే యంకితమైనది. దౌహిత్రులలో బృంద (1912–1996), ముక్త (1914–2007) సోదరీమణులు పదగానమునకుఁ బ్రమాణముగా నెన్నఁబడిరి. కూఁతులలో నొకరైన జయమ్మాళ్ గాయిక. ఆమె సంతానములో ముగ్గురు త్రివిధములుగా విఖ్యాతులైరి. బాలసరస్వతి (1918–1984) నర్తకి, రంగనాథన్ (1925–1987) మృదంగవిద్వాంసుఁడు, విశ్వనాథన్ వేణువాదకుఁడు. ఇట్లు గాత్రము, నృత్యము, మృదంగము, వేణువు నొక్క కప్పు క్రిందనే పెరిగినవి.

ఈ కుటుంబముచేఁ బదములు నిలిచిన కాలము వానికి మిక్కిలి గడ్డుకాలము. శృంగారపదములు సభలలోఁ బాడఁదగనివని విద్యావంతులలోఁ బెక్కుర యభిప్రాయముగా నుండెను. నర్తకీకులములను సంస్కరింపవలయునను నుద్యమము ప్రబలి, 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించుచు శాసనము చేసెను. ఆ యాచారమునందలి యన్యాయమును దొలఁగించుట యవశ్యకర్తవ్యమే. కాని దానితోఁ బాటు వారి విద్యయుఁ దిరస్కారమునకు గుఱియై, పాట చెప్పువారు చెప్పుట మాని, నేర్చువారు నేర్చుట మానిరి. గోదావరీమండలముల కలావంతుల యిండ్లలోఁ గొన్ని పదములు నిలిచినను వాని నడుగువారు లేకపోయిరి. క్షేత్రయ్య పదములు మూఁడు వందలకుఁ బైఁబడి గ్రంథములలో నచ్చుపడి లభించుచున్నవి. పూర్వుల మెట్టుతో నేఁడు పాడఁబడునవి వానిలోఁ గొలఁది మాత్రమే. గ్రంథమునఁ బలుకు మిగిలినది. పాట యింటింటఁ జచ్చినది. ఈ నష్టమును దృష్టియం దుంచుకొన్నప్పుడే ధనమ్మాళ్ గృహము చేసిన పనియొక్క విలువ తెలియును.

గురుశుశ్రూష

విశ్వనాథన్ గారికి వేణుగురువు తిరుప్పాంబురం స్వామినాథపిళ్ళగారు. వారిది నాగస్వరవిద్వాంసుల వంశము. తండ్రి నటరాజసుందరం పిళ్ళగారు ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరపఱచి 1936లోఁ బ్రకటించినవారు. స్వామినాథపిళ్ళగారు గాత్రవిద్య యెఱిఁగిన వేణువిద్వాంసులు. చెన్నపురి సంగీత విద్వత్సభ వారికి 1953లో సంగీతకళానిధి బిరుదము నొసఁగెను. బాల్యమునందే యీ గురువును జేరిన విశ్వనాథన్ గారు పెక్కేండ్లు శుశ్రూష చేసిరి.

ఆ గురువుయొక్క స్థానము తెలియుటకు దక్షిణాది వేణుచరిత్రమును గొంచెము చెప్పవలయును. కుంభకోణపు శరభశాస్త్రిగారు (1872–1904), అంధులయ్యును, వేణువును బ్రత్యేకకచ్చేరీకి దగిన వాద్యముగా నిలువఁబెట్టిరి. వారి శిష్యులు పల్లడం సంజీవరావుగారు (1882–1962) ఆ మార్గమును వ్యాపింపఁజేసిరి. ఈ బాణిలో నాలుక తాఁకుడుచే స్వరములను స్పష్టముగా విడఁదీసి పలికించుట ప్రధానము. తరువాత టి. ఆర్. మహాలింగంగారు (1926–1986) వ్రేళ్లను బట్టు పద్ధతినే మార్చి, కంఠమునఁ బలుకు గమకము లన్నియు వేణువునఁ బలుకు నని నిరూపించిరి. స్వామినాథపిళ్ళగారిది వేఱొక తెరువు. వారి వాదనమున మార్దవమును, గాత్రానుసరణమును మిక్కుటము. ఇట్టి గురువు చెంత గాత్రధర్మమును, ఇంట మాతామహీ జననుల నోటఁ బదసాహిత్యమును శిష్యునకు లభించినవి. ఈ రెండును గలిసిన చోటనే విశ్వనాథన్ గారి మార్గ మేర్పడినది.

నాట్యగోష్ఠియుఁ బదార్థమును

ఆయనను దీర్చిన మూఁడవ పాఠశాల యక్కగారి నాట్యగోష్ఠి. బాలసరస్వతి యభినయించుచుండఁగా విశ్వనాథన్ గారు వేణువు నూఁదుచు, సందర్భమునుబట్టి పాడుచు నుండెడివారు. సత్యజిత్ రాయ్ గారు 1976లో నామెపైఁ దీసిన 'బాల' యను చిత్రమునఁ గూడ నాయన కనఁబడుదురు.

పదాభినయమున నొక్క పంక్తి పలుమాఱులు వచ్చును. పల్లవి మాటలు మాఱవు. నాయిక మనస్సు మాఱును. తొలిమాఱు నిష్ఠూరముగాఁ బలికిన మాటయే రెండవమాఱు పరిహాసముగాను, మూఁడవమాఱు దైన్యముగాను దోఁచును. నర్తకి ముఖమున నేభావము కలుగుచున్నదో యెఱుఁగక వేణువు పలుకువాఁడు పాటకుఁ దోడుగాఁడు, అడ్డమగును. కావున నక్షరము పలుకని వాద్యము చేతఁ బట్టినను, మాట యర్థమును, మాటలోని కాకువును దెలిసికొని తీరవలసిన యవసర మాయనకు నిత్యమును గలిగెను. సాహిత్యజ్ఞాన మాయన వాదనమునకు నలంకారముగాఁ గాక యాధారముగాఁ గుదురుట కిదియే కారణము.

కచ్చేరీలలో నాయన కొక యలవా టుండెను. కృతినిగాని పదమునుగాని వాయించుచు నడుమ వేణువును దించి, ఆ పంక్తినే నోటఁ బాడి, మరల వేణువు నందుకొనెడివారు. శ్రోతకు దీనివలన నొక లాభము కలదు. విన్న నాదమున కిదియే మాట యని తెలిసిన పిమ్మట, వేణువు మరలఁ బలికినప్పుడు చెవి యా మాటను దానంతట దానే పూరించుకొనును.

ఊపిరియుఁ బదచ్ఛేదమును

వేణువునకును సాహిత్యమునకును గల సంబంధము కేవలము భావవిషయము గాదు. అది వాదకుని యూపిరికి సంబంధించిన నియమము.

వీణ వాయించువానికిఁ జేతితోనే పని. ఊపిరి విడిచినను బీల్చినను నాదమునకు భంగము లేదు. వేణువు నూఁదువాఁడు ఊపిరి పీల్చిన క్షణమున నాదము తెగును. క్షేత్రయ్య పదములలోఁ బెక్కింటికి నడక విలంబము. త్రిపుట, మిశ్రచాపు తాళములు వానిలోఁ దఱచు. ఒక యావర్తము దీర్ఘముగా సాగును. కావున నెక్కడనో యొకచో నూపిరి పీల్చక తప్పదు. ఎక్కడఁ బీల్చవలయును? స్వరలిపిని మాత్ర మెఱిఁగినవాఁడు స్వరము నిలిచినచోటఁ బీల్చును. పాట యెఱిఁగినవాఁడు మాట ముగిసినచోటఁ బీల్చును. ఈ రెండు చోటులును నన్నియెడల నొక్కటి గావు.

'మువ్వగోపాల' యను ముద్రనే తీసికొనవచ్చును. రాగము 'మువ్వ' యనుచోటఁ గొంత నిలిచి, పిమ్మట 'గోపాల' యని సాగినదనుకొందము. స్వరదృష్టిచే నక్కడ విరామము సహజముగాఁ దోఁచును. కాని యది సమాసము. 'మువ్వ' పిమ్మట నూపిరి తెంచినచో ముద్ర రెండు తునుకలగును. వేణువు 'మువ్వ' యని 'వ' యని పలుకకున్నను, పద మెఱిఁగిన శ్రోత చెవి యా విఱుపును సహింపదు. పండితుఁడు పద్యమును జదువునప్పుడు పదచ్ఛేదము తప్పిన నర్థ మెట్లు చెడునో, వేణువున నూపిరి తప్పినఁ బదమట్లు చెడును.

అక్షరములను వేణువునఁ దోఁపించుటకుఁ గల సాధనములు మూఁడు: నాలుక తాఁకుడు, వ్రేళ్ల జాఱుడు, ఊపిరి హెచ్చుతగ్గులు. హల్లుతో మొదలైన యక్షరమునకు నాలుకతో మెల్లగాఁ దాఁకవచ్చును. దీర్ఘము నొక్క యూపిరితోఁ దెంపక నడపవచ్చును. ద్విత్వము వచ్చినచోట, 'మువ్వ' యందువలె, ఊపిరి రెప్పపాటు బిగిసి విడువఁబడిన నా బిగువు వినఁబడును. ప్రతి యక్షరమునకును నాలుక తాఁకించినచోఁ బాట తునుకలగును. ఎచ్చటను దాఁకింపకున్న మాట కరఁగిపోవును. ఎంత తాఁకింపవలయునో నిర్ణయించునది సాహిత్యమే. తెలుఁగున మాట లచ్చులతో ముగియుట యీ విషయమున వేణువునకు మిక్కిలి యనుకూలము. మాట చివరి యచ్చును బట్టుకొని రాగము సాగును. ఊపిరి యందే నిలుచును.

వళి ప్రాసలును బాటలో వినఁబడవలసినవే. పల్లవికిని ననుపల్లవికిని బ్రాస కూర్చి రచించిన చోట, రెండవ యక్షరము తాళములో నేచోటఁ బడినదో వాదకుఁ డెఱిఁగినచో రెండు పంక్తులకును గల బాంధవ్యము నాదములోఁ దెలియును. మఱియు, కొన్ని పదములను ననుపల్లవితో నెత్తుకొని పల్లవికి వచ్చు సంప్రదాయము కలదు. వాక్యము పల్లవియందుఁ బూర్తియగుటయే దానికి సార్థక్యము. ఆ సంగతి తెలియని వాదకుఁడు పాట తలక్రిందైనదని భ్రమపడును.

దేశాంతరమున బోధనము

1958లో విశ్వనాథన్ గారు ఫుల్‌బ్రైట్ విద్యార్థివేతనము పొంది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలీసు శాఖలో వివిధజాతుల సంగీతములను బరిశీలించు శాస్త్రమును జదివిరి. 1961 మొదలు 1965 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమున భారతీయసంగీతశాఖకు నధ్యక్షులుగా నుండిరి. తరువాత మరల నమెరికా చేరి, కాలిఫోర్నియాలో బోధించి, కనెక్టికట్ రాష్ట్రమునందలి వెస్లియన్ విశ్వవిద్యాలయమున రాగాలాపనముపైఁ బరిశోధనము చేసి పట్టము నందిరి. 1975 నుండి జీవితాంతము వఱకు నచ్చటనే యుపాధ్యాయులు. సోదరుఁడు రంగనాథన్ గారు నక్కడనే మృదంగము నేర్పెడివారు.

అక్కడి శిష్యులలోఁ బెక్కుర కేభారతీయభాషయు రాదు. సాహిత్యమును వదలి స్వరమును మాత్రము నేర్పుటకు నంతకంటె మంచి సాకు లేదు. స్వరలిపి చేతికిచ్చి, వ్రేళ్లు చూపి, రాగము పలికించినచో శిష్యుఁ డల్పకాలములోనే వేణువు నూఁదఁగలఁడు. ఆయన యా దగ్గఱి దారి పట్టలేదు. పాట నోట నిలువవలయును, పిమ్మట వాద్యమున కెక్కవలయును అను పూర్వుల క్రమమునే యచ్చటఁ బాటించిరి. వేణువును, గాత్రమును నొక్క విద్యగానే నేర్పిరి. తెలుఁగు మాట యర్థము ముందు తెలిసికొని, ఉచ్చారణము నేర్చి, పాడి, తాళము వేసి, పిమ్మట వాద్యము పట్టుట పరదేశీయునకు మిక్కిలి శ్రమ. కాని యా శ్రమవలన రెండు ఫలము లొనఁగూడినవి. మొదటిది, శిష్యుఁడు గురువు వ్రేళ్లను గాక గురువు పాటను బట్టుకొనును. రెండవది, వేణువు పట్టనివారును, అనఁగా గాయకులు, నర్తకులు, మృదంగము నేర్చువారు, ఒక్క గురువు నొద్దనే పదవిద్యను బొందఁగలిగిరి.

దీనికి నిదర్శనముగా జాన్ హిగిన్స్ (1939–1984) ప్రసిద్ధుఁడు. అమెరికాదేశీయుఁడైన యాతఁడు రంగనాథన్, విశ్వనాథన్ సోదరుల శిక్షణముచే గాయకుఁడై, 1965లోఁ దిరువయ్యాఱు త్యాగరాజారాధనమునఁ బాడెను. భాగవతార్ అని రసికు లాతనిని గౌరవముతోఁ బిలిచిరి. మఱియొక శిష్యుఁడు మాథ్యూ అలెన్ అరవపదములపైఁ బరిశోధనగ్రంథము వ్రాసెను. గురుశిష్యు లిరువురును గలిసి దక్షిణభారతసంగీతమును గుఱించి రచించిన పుస్తకము గురుని నిర్యాణానంతరము 2004లో వెలువడినది. విశ్వనాథన్ గారికి 1987లోఁ గేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1988లో సంగీతకళానిధి బిరుదమును, 1992లో నమెరికా ప్రభుత్వ కళానిధి సంస్థవారి జాతీయవారసత్వ సమ్మానమును లభించినవి. ధనమ్మాళ్ గృహమునుండి యీ సంగీతకళానిధి బిరుదము 1973లో బాలసరస్వతికిని, 1976లో బృందకును ముందే వచ్చియుండెను.

ఒక యాక్షేపము

ఇచ్చట నొక యాక్షేపము కలుగవచ్చును. సాహిత్యము గాయకుని సొత్తు. వాద్యమునకు నాదమే సర్వస్వము. రాగాలాపనమునకును, దానమునకును మాటలు లేవు. అవి లేకయే యవి రసవంతములగుచున్నవి. అట్లయిన వేణువునకు సాహిత్యభారమేల?

ఈ యాక్షేపమునఁ గొంత సత్యము లేకపోలేదు. విశ్వనాథన్ గారు పరిశోధనమునకు నెన్నుకొన్న విషయము మాటలు లేని రాగాలాపనమే యగుట గమనింపఁదగును. ఆయన నాదముయొక్క స్వాతంత్ర్యమును నిరాకరించినవారు గారు. కాని యాలాపనమునందలి రాగస్వరూపము గాయకునకుఁ దెలియుట యెట్లు? ఆరోహణావరోహణములవలనఁ దెలియునది యస్థిపంజరము మాత్రమే. రాగమునకు రక్తమాంసములు పెద్దల రచనలవలనఁ గలుగును. ఏ స్వర మెంత నిలువవలయునో, ఏ గమక మెచ్చట నొప్పునో పదములును, గృతులును జూపును. ముఖ్యముగా విలంబకాలపుఁ బదములు రాగమునకు నిఘంటువులవంటివి. నిఘంటువును జదువక కవిత్వము చెప్పువాఁడు చెప్పవచ్చును గాని, వాని పదసంపద యల్పమగును. కావున మాటలు లేని యాలాపనమునకుఁ గూడ మాటలు గల పదమే మూలధనము.

రెండవ సమాధానము మఱింత సూటియైనది. ఆలాపనమున నూపిరి యెచ్చటఁ దెంచినను రాగభంగము కాకున్నఁ జాలును. కీర్తనమునఁ గాని, పదమునఁ గాని యూపిరి కవి వాక్యమునకు లోఁబడియుండవలయును. ఒక కవి రచించినదానిని వాయించునప్పుడు వాదకుఁ డా కవికి ఋణపడును. ఆ ఋణమును దీర్చుటకు సాహిత్యజ్ఞానము దక్క వేఱు సాధనము లేదు.

తెలుఁగునాఁట దీని యుపయోగము

ఈ చరిత్రమునందు తెలుఁగువారు గర్వింపవలసినది కొంత, చింతింపవలసినది కొంత కలదు. తెలుఁగు పలుకు సముద్రముల దాఁటి, ఆ భాష యెఱుఁగని వారి నోటను, వెదురునను నిలిచినది, ఇది గర్వింపవలసినది. ఆ పలుకును దమ పాఠ్యపుస్తకములలోఁ జదువు పాఠశాలలలో దాని పాట వినఁబడకుండుట చింతింపవలసినది. పదకవిత్వమును బద్యమువలె నర్థతాత్పర్యములతోఁ జెప్పి ముగించినచో విద్యార్థికి సగమే చెప్పినట్లగును. అట్లే సంగీతపాఠశాలలోఁ బదమును స్వరముగాఁ జెప్పి, మాట యర్థమును విడిచినచో మిగిలిన సగమే చెప్పినట్లగును. ఈ రెండు సగములును వేఱువేఱు గృహములలోఁ బెరుఁగుటయే క్షేత్రయ్య పదములకుఁ గలిగిన యాపద.

తెలుఁగుదేశమున వేణువునకును గాత్రమునకును బాంధవ్యము క్రొత్త గాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి (1930–2016) తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువాదకులు, సంగీతోపాధ్యాయులు. ఆ యింటఁ బెరిగిన కుమారుఁడు గాయకుఁడై భద్రాచలరామదాసు కీర్తనములను దేశమంతట వినిపించినాఁడు. వేణువు నూఁదువాఁడు పాటకు గురువు కాఁగలఁడనుటకు నిది మఱియొక దృష్టాంతము.

పండితులును సంగీతోపాధ్యాయులును గలిసి చేయఁదగిన పని కష్టసాధ్యము గాదు. వేణువు నేర్చు బాలునకు మొట్టమొదట రామదాసు కీర్తన మొకటి యెన్నుకొనవచ్చును. దానిలో మాటలు సరళములు, నడక మధ్యమము, తాళపుఁ జోటులును మాటల ముగింపులును దఱచు గలిసి వచ్చును. కావున నూపిరి సులభముగాఁ గుదురును. తెలుఁగు పండితుఁడు దానికిఁ బదచ్ఛేదము చేసి, సమాసములను జూపి, ఊపిరి తెంపఁగూడని చోటులను గుఱుతు పెట్టవలయును. సంగీతోపాధ్యాయుఁ డా గుఱుతుల ననుసరించి పాడించి, పిమ్మట వాద్యము చేతికీయవలయును. కీర్తనములు కొన్ని వచ్చిన తరువాత విలంబకాలపుఁ బదమును నిట్లే చెప్పవచ్చును. పదములను గ్రంథరూపమునఁ బ్రకటించువారును రాగతాళముల పేర్లతోఁ దృప్తి చెందక, పాడువారి నడిగి, అనుపల్లవితో నెత్తుకొను సంప్రదాయ మున్నచోట దానిని, విరామస్థానములను సూచించినచో నా గ్రంథము గాయకునకును, వేణువాదకునకును, బండితునకును సమముగా నుపకరించును.

భరతుఁడు వంశమును గంఠమునకు ననుచరముగా విధించెను. కంఠమునఁ బలుకున్నది, పలుకున నర్థమున్నది. ఆ మూఁటిని వెన్నంటిన వేణువే పూర్ణముగా ననుచరమైన వేణువు. విశ్వనాథన్ గారు నలువదేండ్లకుఁ బైఁబడి రెండు ఖండములలో శిష్యులకు నేర్పిన విద్య యిదియే. 2002 సెప్టెంబరులో నాయన మరణించిరి. ఆయన నేర్పిన పదము లిప్పటికిని బాడఁబడుచున్నవి. వానిని రచించిన భాషవారు వానిని మరల నేర్చికొనుట కిది తగిన సమయము.